రైతు మనస్సును పరీక్షించిన అర్థశాస్త్రజ్ఞుడు

అర్థశాస్త్రమనగా ధనమును గూర్చిన శాస్త్రమని పలువురి అభిప్రాయము. బ్యాంకులు, పన్నులు, వాణిజ్యము, ధరవరలు ఇవియే దాని విషయములని తలచి, పల్లెటూరివారమైన మనకు దానితో నేమి పని యని ఊరకుందుము. నిజము విచారించినచో ఆ శాస్త్రమునకు మూలము ధనము కాదు, మానవుడు చేయు నిర్ణయము. ఉన్న ఎకరమున శెనక్కాయ విత్తుదుమా, జొన్న విత్తుదుమా? విత్తనములకు అప్పు తెత్తుమా, మానుదుమా? పిల్లవానిని పై తరగతికి పంపుదుమా, పనికి పంపుదుమా? ఇట్టి ప్రశ్నలు పావగడ తాలూకాలోని ప్రతి యింటను ఏటేట పుట్టుచునే యున్నవి. మనుష్యులు వీనిని ఏ విధముగా తేల్చుకొందురు, ఏల నట్లు తేల్చుకొందురు అని పరిశీలించు శాఖకు ప్రవర్తనా అర్థశాస్త్రమని పేరు.

పూర్వపు అర్థశాస్త్ర గ్రంథములలో కనుపించు మనుష్యుడు సర్వజ్ఞుడు. లాభనష్టములను క్షణములో గుణించి, తనకు మేలైనదానినే ఎన్నడును తప్పక ఎన్నుకొనును. అట్టి మనుష్యుడు మన ఊళ్లలో ఎవరికిని కానరాడు. 1979లో డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతినే ప్రయోగపూర్వకముగా నిరూపించిరి. నూరు రూపాయలు లభించినప్పుడు కలుగు సంతోషము కంటె, నూరు రూపాయలు పోయినప్పుడు కలుగు దుఃఖము అధికమనుట వారి సిద్ధాంతములో నొక ముఖ్యాంశము. కానమన్‌కు 2002లోను, ఆ మార్గముననే కృషి చేసిన రిచర్డ్ థేలర్‌కు 2017లోను అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ట్వెర్‌స్కీ 1996లోనే మరణించుటచే ఆ గౌరవము ఆయనకు దక్కలేదు.

అయితే ఈ విద్వాంసుల ప్రయోగములలో పెక్కు విశ్వవిద్యాలయ విద్యార్థులపై, కాగితముపై వ్రాసిన ప్రశ్నలతో జరిగినవి. వాన కొరకు ఆకాశమును చూచు రైతు, నిజమైన ధనము ఎదుట నుండగా ఎట్లు ప్రవర్తించునో తెలిసికొనదలచి, ఆ కాలముననే తెలుగు పల్లెలలో పరీక్ష చేసిన పండితుడొకడు కలడు. ఆయన పేరు హాన్స్ బిన్స్‌వాంగర్. ఆయన జీవితమును, పరిశోధనలను మన విద్యార్థులును, వారి తల్లిదండ్రులును తెలిసికొనుట యుక్తము. ఏలయన, ఆయన పరీక్షించినది మన వంటివారి మనస్సునే.

బిన్స్‌వాంగర్ 1943లో జన్మించెను. ఆయన స్వదేశము స్విట్జర్లాండు. జూరిచ్ నగరమున వ్యవసాయ శాస్త్రమును అభ్యసించి, పిమ్మట అమెరికాలోని నార్త్ కెరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రములో డాక్టరు పట్టమును పొందెను. పైరును గూర్చిన విద్యయు, పైసను గూర్చిన విద్యయు ఒక్కనియందే కూడుట అరుదు. 1972లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువు వద్ద ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ స్థాపితమైనది. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ దాని పరిశోధనకు ముఖ్యమైన పంటలు. 1970 దశకపు ఉత్తరార్ధమున బిన్స్‌వాంగర్ ఈ సంస్థలో పనిచేసెను.

ఆ దినములలో శాస్త్రజ్ఞులను ఒక ప్రశ్న వేధించుచుండెను. మేలైన విత్తనము, ఎరువు పరిశోధనా క్షేత్రమున చక్కగా ఫలించుచుండగా, పక్క ఊరి పేదరైతు వానిని ఏల చేపట్టడు? దీనికి సులభమైన సమాధానమొకటి పట్టణములలో వాడుకలో నుండెను. పేదరైతు స్వభావముచేత పిరికివాడు, చదువులేనివాడు, తాతల పద్ధతిని విడువడు అని. ఈ మాట నిజమైనచో చేయగలిగినది స్వల్పము. నిజము కానిచో, ఆ నింద మోపినవారే తమ పద్ధతులను సరిదిద్దుకొనవలెను. ఎంతయో ప్రభుత్వధనము, ఎందరో రైతుల బ్రతుకులు ఈ ప్రశ్నపై ఆధారపడియుండెను. బిన్స్‌వాంగర్ దీనిని ఊహతో తేల్చక, పరీక్షతో తేల్చదలచెను.

ఇక్రిశాట్ సంస్థ 1975లో ఆరు గ్రామములను ఎన్నుకొని అధ్యయనము ప్రారంభించినది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు అను తెలుగు గ్రామములు రెండు. మహారాష్ట్రములోని షోలాపూర్, అకోలా జిల్లాల గ్రామములు నాలుగు. ప్రతి గ్రామమునను 40 కుటుంబములు ఎన్నుకొనబడినవి. వారిలో భూమిలేని కూలీలు, చిన్నరైతులు, మధ్యతరగతి రైతులు, పెద్దరైతులు అందరును కలరు. పరిశోధకులు ఆ ఊళ్లలోనే కాపురముండి, ఎవరేమి విత్తిరి, ఎంత పండినది, ఎంత అప్పు చేసిరి, ఏమి తినిరి అను వివరములను విడువక లిఖించిరి. ఈ విధముగా పరిచయమైన 240 కుటుంబములయందే బిన్స్‌వాంగర్ తన పరీక్షను జరిపెను.

ఆ పరీక్ష బొమ్మా బొరుసా ఆట వంటిది. గణితము నేర్చు విద్యార్థులు దీనిని జాగ్రత్తగా గమనింపవలెను. పరిశోధకుడు రైతు ఎదుట కొన్ని పందెములను ఉంచును. రైతు వానిలో నొకదానిని ఎన్నుకొనవలెను. ఆ పిమ్మట నాణెము ఎగురవేయబడును. మొదటి పందెమున ఏ వైపు పడినను 50 రూపాయలు. రెండవదాని యందు ఒక వైపు పడిన 45, రెండవ వైపు పడిన 95. తరువాతివి వరుసగా 40, 120, 30, 150, 10, 190. చివరిదానియందు ఒక వైపు పడిన సున్న, రెండవ వైపు పడిన 200. సగటు కట్టి చూడుడు. మొదటిది 50, పిమ్మట 70, 80, 90, 100, చివరిదియు 100. అనగా సాహసము పెరిగిన కొలది సగటు లాభము పెరుగుచు వచ్చినది. కాని ఒక మెట్టు వద్ద ఆ పెరుగుదల నిలిచిపోయి, చివరి మెట్టున అపాయము మాత్రమే మిగిలినది. సేద్యమును ఇట్టిదే గదా! ఏమియు వెచ్చింపక కొర్రయో, ఉలవయో చల్లినవానికి స్వల్పమైనను కొంత నిశ్చయము. ఎరువు వేసి, అప్పు తెచ్చి శెనక్కాయ పెట్టినవానికి వాన పడిన సిరి, పడకున్న ఋణము.

ఈ ఆటలో రైతు తన చేతి ధనమును పోగొట్టుకొను పని లేదు. మొట్టమొదట అర్ధరూపాయి లెక్కతో ఆడించి, ఆటను బాగుగా తెలియనిచ్చి, కొన్ని వారముల మీదట 5 రూపాయలకు, 50 రూపాయలకు పెంచిరి. పెద్ద పందెమున లభింపగల సొమ్ము ఆనాటి కూలివాని నెలసరి ఆదాయమును మించినది. గావున ఎవరును దీనిని వేళాకోళముగా ఆడలేదు.

ఫలితములు 1980లో ప్రకటింపబడినవి. పందెము అర్ధరూపాయిగా నున్నప్పుడు సాహసించినవారు పెక్కురు. సొమ్ము పెద్దదైన కొలది అందరును జాగ్రత్తపడి, నడిమి మెట్లను ఎన్నుకొనిరి. పూర్తిగా భయపడి మొదటి మెట్టుననే నిలిచినవారు కొలదిమంది. చివరి మెట్టునకు దుమికినవారును కొలదిమందియే. విశేషమేమనగా, ఈ జాగ్రత్త ధనికునియందును, పేదయందును ఇంచుమించు సమానముగా నుండెను. ధనము గలవానికి భయము కొంచెము తక్కువగా కనుపించినను, ఆ భేదము లెక్కకు రాదగినంతటిది కాదు.

ఇంకొక విశేషము కలదు. బిన్స్‌వాంగర్ ఈ పరీక్షకు తోడుగా నోటిమాటతో ప్రశ్నించు పద్ధతిని గూడ ప్రయోగించెను. ఇట్టి పరిస్థితి వచ్చినచో నీవేమి చేయుదువు అని రైతును అడిగి వ్రాసికొనుట ఆ పద్ధతి. అట్లు వచ్చిన సమాధానములు ప్రశ్నించువానిని బట్టి మారినవి. నాణెపు ఆటలో అదే రైతు చేసిన పనితో అవి ఏ మాత్రమును సరిపడలేదు. మనుష్యుని మాట వేరు, చేత వేరు. అతని మనస్సును తెలిసికొనగోరినచో చెప్పినదానిని గాక చేసినదానిని చూడవలెనను నీతి అర్థశాస్త్రమునకు ఈ పల్లెల నుండి దృఢముగా లభించినది.

పేదరైతు స్వభావమున పెద్దరైతు కంటె పిరికివాడు కాడని తేలినది గదా. మరి ఇరువురి సేద్యమునందు భేదమునకు కారణమేమి? బిన్స్‌వాంగర్ చెప్పిన సమాధానము స్పష్టము. భేదము మనస్సులో లేదు, సౌకర్యములలో నున్నది. ఒకనికి సకాలమున అప్పు దొరకును, మరియొకనికి దొరకదు. ఒకనికి సంతయు, సలహా చెప్పువారును అందుబాటులో నుందురు, మరియొకనికి నుండరు. కావలసినది పేదకు ధైర్యోపన్యాసము కాదు, ఆ అడ్డంకులను తొలగించుటయే.

ఈ ఆరు గ్రామముల లెక్కలు పిమ్మట అనేక పరిశోధకులకు గనివలె ఉపయోగపడినవి. 1989లో మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ అను పండితులు వివాహ సంబంధములను పరిశీలించిరి. ఆదాయము నిలుకడగా లేని కుటుంబములు ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చుట ఎక్కువగా కనుపించినది. ఊరంతయు ఒకేసారి కరవు పాలైనప్పుడు ఇరుగుపొరుగు ఆదుకొనలేరు. వేరొక చోట వాన కురిసియుండవచ్చును, అచ్చటి వియ్యంకుడు ఆదుకొనగలడు. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అను ఆచార్యుడు, ఒక యింటి పంట పోయినను ఆ యింటి తిండిఖర్చు అంతగా తగ్గుట లేదనియు, గ్రామస్థులు చేబదుళ్లతోను, సాయముతోను ఒకరినొకరు నిలబెట్టుకొనుచున్నారనియు లెక్కలతో చూపెను. 1993లో బిన్స్‌వాంగర్, రోజెన్‌జ్వైగ్ కలిసి మరియొక సత్యమును వెల్లడించిరి. వాన రాకడ ఎంత అనిశ్చితమైన ప్రాంతమైతే, అచ్చటి పేదలు అంతగా లాభమును వదలుకొని, నిశ్చయమైన తక్కువ రాబడిని ఎన్నుకొందురు. ధనికులకు ఆ అవసరము లేదు. స్వభావము ఒక్కటియే. కాని ఒక దెబ్బను ఓర్చుకొని మరల లేచు శక్తి ఇద్దరికిని సమానము కాదు. మెట్టసీమలో వాన లేమికి పేద ఈ విధముగా రెండుసార్లు సుంకము చెల్లించుచున్నాడు: పంట పోయిన ఏట ఒకసారి, పంట పోవునను భయముతో చిన్న సేద్యము చేసిన ప్రతి ఏట మరియొకసారి.

అట్లయినచో వానకు బీమా కల్పించిన కష్టము తీరునని తోచుట సహజము. 2003లో బేసిక్స్ అను సంస్థ, ఐసిఐసిఐ లాంబార్డ్ అను బీమా సంస్థతో కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వర్షపు బీమాను ప్రారంభించినది. ఆ పిమ్మట అది మన పొరుగుననే యున్న అనంతపురము జిల్లాకును వచ్చినది. వేరుసెనగ, ఆముదపు రైతులు దీనిని కొనిరి. పొలమున పంట పోయినదా లేదా అని చూడక, నిర్ణీతమైన వర్షమాపకమున నమోదైన వానను బట్టి సొమ్ము చెల్లించుట దీని పద్ధతి. విత్తుకాలము, ఎదుగుకాలము, కోతకాలము అని వానకాలమును మూడు భాగములు చేసి, మొదటి రెంటిలో వాన తగ్గినను, మూడవదానిలో మితిమీరినను పరిహారమిచ్చెడివారు. జేవియర్ జినే, టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ ప్రభృతులు ఈ రెండు జిల్లాలలో విచారణ జరిపిరి. నష్టభయము ఎక్కువగా గలవారే బీమాను ఎక్కువగా కొందురని గ్రంథములు చెప్పుచుండగా, ఇచ్చట ఫలితము తారుమారైనది. భయము గలవారే కొనలేదు. ఏలయన, క్రొత్తదైన బీమాయే వారికి మరియొక పందెముగా తోచినది. వర్షమాపకము వద్ద వాన కురిసి తమ పొలమున కురియకున్న గతియేమి? పరిహారము నిజముగా చేతికి వచ్చునా? ఈ సందేహములు తీర్చగలిగినది నమ్మకము మాత్రమే. ఊరివారెరిగిన మనిషి వెంట వచ్చి మంచిదని చెప్పినచో కొనుగోళ్లు పెరిగినవి.

2006లో మరియొక ప్రయోగము జరిగినది. ఇంటింటికి వెళ్లి బీమాను వివరించి, లాటరీ పద్ధతిన కొందరికి 25 రూపాయలును, కొందరికి 100 రూపాయలును చేతికిచ్చిరి. నూరు రూపాయలతో ఒక పాలసీ కొనవచ్చును. అవి లభించినవారిలో కొన్నవారి సంఖ్య మిక్కిలి పెరిగినది. విత్తుకాలమున రైతు చేత చిల్లిగవ్వ యుండదు. బీమా మంచిదని తెలిసినను కొనలేడు. తెలివి లోపము కాదు, చేతిలో సొమ్ము లోపము. బిన్స్‌వాంగర్ చెప్పిన మాటయే మరల ఋజువైనది.

ఇక మన తాలూకాకు వత్తము. దాదాపు నలువైపుల ఆంధ్రప్రదేశము చుట్టియున్న పావగడ నేలకు అనంతపురపు కరవే కరవు. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో నెలకొన్న సౌర విద్యుత్ క్షేత్రమును మన విద్యార్థులు చూచియేయుందురు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమును పొందినది. దీనికై రైతుల నుండి భూమిని కొనక, ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసికొనిరి. రెండేండ్లకొకసారి నూటికి 5 చొప్పున పెంపు. ఔరేపల్లె ఆటలోని మొదటి పందెము వంటిదే ఇది: బొమ్మ పడినను, బొరుసు పడినను అదే సొమ్ము. వరుస కరవులను చూచినవారు దానిని ఎన్నుకొనుటలో ఆశ్చర్యము లేదు.

అయినను నిశ్చయమను మాటను గూడ గుణించి చూడవలెను. ప్రతి పెంపును ముందటి మొత్తముపై లెక్కించినచో, 21,000 రూపాయల కౌలు పదేండ్లకు సుమారు 26,800 అగును. ఆ పదేండ్లలో వస్తువుల ధరలు ఏటేట నూటికి 5 చొప్పున పెరుగునని యూహింపుడు. అప్పుడు మొదటి 21,000తో కొన్న సరకులనే కొనుటకు సుమారు 34,200 కావలెను. అంకె పెరిగినను కొనుబలము తగ్గినది. అంకెను చూచి విలువను మరచు ఈ స్వభావమును ధనభ్రమ యందురు. అర్వింగ్ ఫిషర్ అను అమెరికా ఆచార్యుడు 1928లోనే ఈ పేరుతో గ్రంథము వ్రాసెను. మరియొక సంగతి. కౌలు భూమి గలవానికే చేరును. ఆ భూమిలో కలుపు తీసి, కాయ కోసి బ్రతికిన కూలికి కౌలులో పాలు లేదు. గ్రామమున ఒకే నిర్ణయము ఒకరికి రక్షణయు, మరియొకరికి అపాయమును కాగలదు. గావుననే ఇక్రిశాట్ పరిశోధకులు ప్రతి గ్రామమునను భూమిలేనివారిని గూడ లెక్కలో చేర్చిరి.

బిన్స్‌వాంగర్ పరిశోధన ఈ ఒక్క విషయముతో నిలువలేదు. 1978లో దక్షిణాసియా దేశములలోని ట్రాక్టరులను గూర్చి వ్రాయుచు, అవి పంటను పెంచుటకంటె మనుష్యుల, పశువుల పనిని తగ్గించుటయే ఎక్కువయని చూపెను. ఆ సంవత్సరమే వెర్నన్ రట్టన్‌తో కలిసి ప్రకటించిన గ్రంథమున, ఏ దేశమున ఏది కొరతయో దానిని ఆదా చేయు యంత్రములే, విత్తనములే ఆ దేశమున పుట్టునను సూత్రమును విశదీకరించెను. 1980 నుండి 2005 వరకు ప్రపంచ బ్యాంకులో పనిచేసి, బ్రెజిల్‌లో అమెజాన్ అడవులు నరకబడుటకు ప్రభుత్వ విధానములే ఎట్లు దోహదము చేసినవో చూపెను. దక్షిణాఫ్రికాలో భూసంస్కరణలకు సలహాలిచ్చెను. ఆఫ్రికాలో ఎయిడ్స్ వ్యాధిని ఎదుర్కొను కార్యక్రమముల కొరకు పాటుపడెను. ఉద్యోగము విరమించిన పిదప దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరమున ఆచార్యుడుగా నుండి, 2017లో మరణించెను.

తల్లిదండ్రులారా! ఈ విషయము మన బడికిని సంబంధించినదే. పిల్లవాని చదువు కూడ ఒక సేద్యమే. వెచ్చము నేడు, ఫలము ఎన్నో ఏండ్లకు, అదియు నిశ్చయము కాదు. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు కన్నడ రాష్ట్రమున ముందుదారి ఎట్లుండునో యను దిగులు దీనికి తోడు. పదవ తరగతి తరువాత ఒక బాలిక చదువు ఆగినచో, ఆ తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని తేలికగా అనువారు కలరు. అట్లనుటకు ముందు బస్సు సౌకర్యమున్నదా, వసతిగృహమున చోటున్నదా, విద్యార్థివేతనము సకాలమున వచ్చినదా, కన్నడమును చక్కగా నేర్పు ఏర్పాటున్నదా అని విచారింపవలెను. అడ్డంకి ఏదో కనుగొనినచో దానిని అడుగుటకు మనకు నోరు వచ్చును. స్వభావమే దోషమని ఒప్పుకొన్ననాడు అడుగుటకు ఏమియు మిగులదు.

విద్యార్థులారా! మీరును ఒక చిన్న పరిశోధన చేయవచ్చును. విత్తుకాలమునకు ముందు మీ యింటిలో ఏమి విత్తుదమని అనుకొనిరో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. పిమ్మట నిజముగా ఏమి విత్తిరో, ఆ మార్పునకు కారణము వానయా, అప్పా, విత్తనపు ధరయా, పొరుగువారి మాటయా యని తేదీతో సహా వ్రాయుడు. కురిసిన ప్రతి వానను, పండిన ప్రతి మూటను గుర్తింపుడు. మూడేండ్లు ఇట్లు వ్రాసినచో మీ యింటి నిర్ణయముల వెనుకనున్న కారణములు మీకే తేటపడును. ప్రపంచ ప్రసిద్ధమైన ఔరేపల్లె అధ్యయనము ఇట్టి చిన్న చిన్న పద్దుల నుండియే పుట్టినది.